కుర్చీ తెచ్చిన నొప్పికి బిళ్ళ పరిష్కారమా?

టెక్కలిలో గాని, పలాస–కాశీబుగ్గలో గాని కార్యాలయాలు మూసే వేళకు ఏ మందుల దుకాణం ముందైనా ఒక పావుగంట నిలబడి చూడండి. చీటీ ఏదీ లేకుండా వచ్చి "నడుము పట్టేసిందండి, నొప్పి బిళ్ళలు రెండియ్యండి" అని అడిగేవారు ఎందరో కనిపిస్తారు. ఒకప్పుడు వారిలో బస్తాలు మోసేవారు, తోటల్లో పనిచేసేవారే అధికం. ఇప్పుడు బ్యాంకు ఉద్యోగులు, ఉపాధ్యాయులు, కంప్యూటరు ముందు పగలంతా గడిపే యువతీయువకులు, జీడిపప్పు వర్తకుల దగ్గర లెక్కలు రాసే గుమాస్తాలు కూడా ఆ వరుసలో నిలబడుతున్నారు. మెడ, భుజం, నడుము, మణికట్టు, నొప్పి ఎక్కడిదైనా దుకాణదారు ఇచ్చే బిళ్ళ ఒక్కటే.

ఈ అలవాటు ఎక్కడైనా మంచిది కాదు. ఉద్దానం తీరాన నివసించే మనకు మాత్రం ఇది ప్రాణాల మీదికి తేగలదని నా నిశ్చితాభిప్రాయం. కూర్చుని చేసే పని వల్ల కలిగే నొప్పికి మొదటి చికిత్స కదలిక. దానినే మన శాస్త్రం వ్యాయామమన్నది, నేటి వైద్యులు ఫిజియోథెరపీ అంటున్నారు. తైలం, కాపడం దానికి తోడు మాత్రమే. మింగే మందు, అది ఇంగ్లీషు బిళ్ళ అయినా, మా ఆయుర్వేద గుళిక అయినా, చివరకు ఆలోచించవలసినది. నౌపడలో పుట్టి, ఈ చుట్టుపక్కల గ్రామాలలోనే ఆయుర్వేద వైద్యం చేసుకుంటున్న నేను ఇలా అనడం కొందరికి వింతగా తోచవచ్చు. వైద్యుడన్నవాడు ముందుగా ఒక తైలం పేరో, చూర్ణం పేరో చెప్పాలి గదా అని పాఠకులు ఎదురుచూస్తారు. తైలం సంగతి తరువాత చెబుతాను.

కూర్చోవడం ఎప్పటి నుండి జబ్బయింది?

మా నౌపడకు బల్ల ముందు కూర్చునే ఉద్యోగం కొత్తది కాదు. ఉప్పు మడులున్న ఊరు కాబట్టి తూకాలు, పన్నులు, లెక్కలు ఆంగ్లేయుల కాలం నుండీ ఉన్నాయి. 1900లో పర్లాకిమిడి సంస్థానంవారి చిన్న రైలు నౌపడ నుండి నడవడం మొదలైన తరువాత స్టేషను గుమాస్తాలు వచ్చారు. ఆనాటి గుమాస్తా కూడా పొద్దంతా రాసేవాడే. అయితే అతని పనే అతనిని కూర్చోనిచ్చేది కాదు. పాత దస్తా కావాలంటే లేచి బీరువా వరకు వెళ్ళాలి. ఉప్పు రాశుల కొలతకు మడుల గట్ల వెంట నడవాలి. పై అధికారి పిలిస్తే అతని గదికి పోవాలి. సాయంత్రం ఇంటికి కాలినడకన చేరాలి. నేటి ఉద్యోగికి కాగితం వేలికొస దగ్గరకే వస్తున్నది. పక్క గదిలోని మనిషికి సైతం ఫోనులో సందేశం పంపుతున్నాడు. ఇంటికి మోటారు సైకిలు మీద వెళతాడు. వెళ్ళి మళ్ళీ కూర్చుంటాడు.

2020లో కరోనా వచ్చినప్పుడు హైదరాబాదు, బెంగుళూరు నగరాలలోని సాఫ్ట్‌వేరు ఉద్యోగులు సొంత ఊళ్ళకు తిరిగి వచ్చి, మంచం మీద పరుపు, ఒడిలో ల్యాప్‌టాప్ పెట్టుకుని నెలల తరబడి పనిచేశారు. పాతికేళ్ళ పిల్లలు అరవై ఏళ్ళ వారి వలె మెడ తిప్పలేక, తల్లి తోడుగా నా దగ్గరకు రావడం ఆ సంవత్సరంలోనే ఎక్కువగా చూశాను.

వృత్తి వల్ల కలిగే వ్యాధుల గురించి మొట్టమొదట సమగ్ర గ్రంథం రాసినవాడు రమజ్జీని అనే ఇటలీ వైద్యుడు. ఆ గ్రంథం 1700లో వెలువడింది. 1713 నాటి రెండవ ముద్రణలో ఆయన లేఖకులను, గుమాస్తాలను కూడా చేర్చి, వారి బాధలకు మూడు కారణాలు చూపాడు: ఎడతెగకుండా కూర్చోవడం, చేతిని ఎప్పుడూ ఒకే తీరున కదిలించడం, తప్పు దొర్లకూడదనే మానసిక శ్రమ. మూడు వందల ఏళ్ళు గడిచినా ఈ మూడింటిలో ఒక్కటీ మారలేదు. కలం బదులు మౌస్ వచ్చింది, అంతే.

మన చరకుడు ఇంకా ముందే ఈ సంగతి గ్రహించాడు. ప్రమేహ రోగానికి కారణాలు చెబుతూ ఆయన వాడిన మాట "ఆస్యాసుఖం", అనగా కూర్చోవడంలోని సుఖానికి అలవాటు పడడం. కూర్చోవడాన్ని ఒక రోగ హేతువుగా అంత స్పష్టంగా పేర్కొన్న ప్రాచీన వైద్యం మనది. చరక సంహితలో వ్యాయామాన్ని నిర్వచించిన అధ్యాయమూ, మలమూత్రాది వేగాలను బలవంతంగా ఆపుకోరాదని చెప్పిన అధ్యాయమూ ఒక్కటే కావడం నాకు ఎప్పుడూ ఆశ్చర్యం కలిగిస్తుంది. కార్యాలయంలో పనిచేసేవారు ఈ రెండు నియమాలనూ ఒకేసారి ఉల్లంఘిస్తున్నారు. లేవరు, లేవరు కాబట్టి నీరు తాగరు. శుభ్రమైన మరుగుదొడ్డి లేని కార్యాలయాలలో స్త్రీలు ఉదయం పది నుండి సాయంత్రం అయిదు వరకు గుక్కెడు నీరు ముట్టకుండా ఉండడం అందరికీ తెలిసినదే, ఎవరూ పైకి అనరు.

కూర్చున్నంత మాత్రాన నొప్పి ఎందుకు రావాలి? వెన్నుపూసల మధ్య మెత్తలవలె ఉండే డిస్కులకు పెద్దవారిలో రక్తనాళాలు దాదాపుగా ఉండవు. చుట్టూ ఉన్న కణజాలం నుండి ఊరుతూ వచ్చే పోషణ మీదనే అవి బతకాలి. మనం లేచి, వంగి, నడిచినప్పుడు వాటిపై పడే బరువు మారుతూ ఉండడం ఆ రాకపోకలకు సహాయపడుతుంది. గంటల తరబడి ఒకే భంగిమలో ఉంటే అది మందగిస్తుంది. తల బరువు సుమారు అయిదు కిలోలు. అది మెడకు నిలువుగా ఉన్నప్పుడు ఇబ్బంది లేదు. తెర వైపు ముందుకు వాలితే మాత్రం వెనుక కండరాలు దానిని పగలంతా లాగి పట్టుకోవలసి వస్తుంది. తుంటి ముందరి కండరాలు పొట్టివవుతాయి, పిరుదుల కండరాలు బలహీనపడతాయి. మన వైద్యంలో మన్యాస్తంభం, కటిగ్రహం, గృధ్రసి అని వాతవ్యాధులలో చెప్పిన బాధలకు నేడు కుర్చీ ఒక పెద్ద కారణమయింది.

కుర్చీ అన్నాను గాని, కూర్చుని చేసే పని అనగానే కుర్చీ ఒక్కటే గుర్తుకు రాకూడదు. పలాస జీడి పరిశ్రమలో పిక్కలు కోసే, పప్పు పొట్టు తీసే, రకాలు వేరు చేసే స్త్రీలు కూడా పగలంతా కూర్చుని పనిచేసేవారే. వంచిన మెడ, ఎత్తిపట్టిన భుజాలు, ఒకే తీరున కదిలే వేళ్ళు, బ్యాంకు గుమాస్తాకూ వారికీ నొప్పి ఒక్కటే. సెలవు, జీతం మాత్రం వేరు.

ఉద్దానంలో నొప్పి బిళ్ళ అంటే ఏమిటి?

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, ఇచ్ఛాపురం, పలాస ప్రాంతాలలో దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి ఎంతగా వ్యాపించిందో ఈ పత్రిక పాఠకులకు వేరుగా చెప్పనక్కరలేదు. చక్కెర వ్యాధి, రక్తపోటు వంటి తెలిసిన కారణాలేవీ లేనివారికి సైతం ఇక్కడ మూత్రపిండాలు చెడిపోతున్నాయి. 2019లో ప్రచురితమైన ఒక పరిశోధన ప్రకారం ఉద్దానంలో పరీక్షించిన పెద్దలలో నూటికి సుమారు 18 మందికి ఈ వ్యాధి లక్షణాలు కనిపించాయి. తాగే నీరు, ఎండలో శ్రమ, పురుగుమందులు, ఇలా అనుమానాలు పెక్కు. ఏ ఒక్క కారణమూ రుజువు కాలేదు. 2023 డిసెంబరు 14న పలాసలో మూత్రపిండాల పరిశోధన కేంద్రము, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. హిరమండలం నుండి గొట్టాల ద్వారా మంచినీటిని తెచ్చే పథకం కూడా ఆనాడే మొదలయింది.

కారణం తెలియని చోట తెలిసిన హానినైనా తప్పించుకోవడం వివేకం గదా! డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటి నొప్పి బిళ్ళలు మూత్రపిండాలకు హాని చేయగలవన్నది అనుమానం కాదు, వైద్యశాస్త్రంలో స్థిరపడిన విషయం. మూత్రపిండాలలోకి రక్తం తెచ్చే సన్నని నాళాలను విప్పారి ఉంచడానికి శరీరం ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాలను తయారుచేసుకుంటుంది. నొప్పి, వాపు కలిగించడంలోనూ వాటికి పాత్ర ఉన్నది. బిళ్ళ ఆ తయారీనే ఆపుతుంది కాబట్టి నొప్పి తగ్గుతుంది. ఆ నాళాలు కూడా ముడుచుకుంటాయి. ఆరోగ్యవంతుడు ఏదో ఒకనాడు ఒక బిళ్ళ వేసుకుంటే శరీరం సర్దుకోగలదు. ఒంట్లో నీరు తగ్గినవాడు, పెద్ద వయసువాడు, రక్తపోటుకు కొన్ని రకాల మందులు వాడేవాడు, అప్పటికే మూత్రపిండాలు కొంత దెబ్బతిన్నవాడు అంత తేలికగా సర్దుకోలేడు. పగలంతా నీరు తాగని ఉద్యోగిని సాయంత్రం ఆ బిళ్ళ వేసుకుంటే ఏమవుతుందో ఆలోచించండి. మన తీరంలో మూత్రపిండాలు కొంత దెబ్బతినీ ఆ సంగతి తెలియనివారు ఎందరో ఉన్నారు.

ఈ మందు ఎంతటిదో పక్షుల కథ చెబుతుంది. పశువులకు వాడిన డైక్లోఫెనాక్, ఆ పశువుల కళేబరాలు తిన్న రాబందుల మూత్రపిండాలను పాడుచేసి వాటిని చంపుతున్నదని 2004లో నిరూపితమయింది. అప్పటికే మన దేశంలో రాబందులు నూటికి తొంభైకి పైగా నశించాయి. 2006లో ప్రభుత్వం పశువులకు ఆ మందు వాడకాన్ని నిషేధించింది. మనిషి శరీరం రాబందు శరీరం వంటిది కాదు, నిజమే. అదే మోతాదు మనిషిని అలా చంపదు. అయినా గృధ్రసి వచ్చినవాడి నడక గృధ్రము, అనగా రాబందు, నడకను పోలి ఉంటుందని ఆ వ్యాధికి ఆ పేరు వచ్చిందని మాకు చదువుకునే రోజులలో చెప్పేవారు. ఆ నడకకు వాడే బిళ్ళే ఆ పక్షిని ఆకాశం నుండి తుడిచివేయడం నాకు తరచు గుర్తుకు వస్తుంది.

ఇక్కడ మరొక భ్రమను కూడా తొలగించాలి. ఉద్దానంలో నడుము నొప్పి వచ్చిన ప్రతివారికీ మొదట కలిగే భయం "కిడ్నీ పోయిందేమో" అని. ఈ వ్యాధి తొలిదశలో సాధారణంగా నొప్పే ఉండదు. నడుము నొప్పి ఉన్నంత మాత్రాన మూత్రపిండం చెడినట్లు కాదు, నొప్పి లేనంత మాత్రాన అది బాగున్నట్లూ కాదు. రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ పరీక్షలు చేయించుకుంటే తప్ప తెలియదు. ఒక ఉపాధ్యాయుడు మూత్రపిండాల భయంతో నెలల తరబడి నిద్రలేక, మరోవైపు నడుము నొప్పికి రోజూ బిళ్ళ మింగుతూ నా దగ్గరకు వచ్చారు. దేనికి భయపడుతున్నారో దానినే చేజేతులా కొనితెచ్చుకుంటున్నానని ఆయనకు ఎవరూ చెప్పలేదు! పరీక్షలో మూత్రపిండాలు బాగానే ఉన్నాయి. నొప్పి పాఠశాల బల్లది, వెనుక జేబులో లావుపాటి పర్సుతో గంటల తరబడి కూర్చోవడానిది. పర్సును చొక్కా జేబులోకి మార్పించి, ఫిజియోథెరపిస్టు వద్దకు పంపాను. నా వంతుగా తైలం ఒక్కటే ఇచ్చాను.

మరి ఏమి చేయాలి?

సరైన కుర్చీ గురించి పత్రికలలో చాలా రాస్తున్నారు. దానికి కొంత ఉపయోగమున్నది, కొంత వ్యాపారమున్నది. పాదాలు నేలకు ఆనాలి. ఆనకపోతే కింద పీట వేసుకోవాలి. నడుము వంపు దగ్గర తువ్వాలు చుట్టి పెట్టుకోవాలి. తెర పైఅంచు కళ్ళ ఎత్తుకు రావాలి. ల్యాప్‌టాప్ అయితే పాత పుస్తకాల దొంతర మీద పెట్టి, విడిగా కీబోర్డు తగిలించుకోవడం మంచిది. ఇంతకు మించి వేలకు వేలు పోసి కుర్చీ కొనడం అవసరమని నేననుకోను. నిటారుగా బిగుసుకుని ఎనిమిది గంటలు కూర్చున్నా నొప్పి వస్తుంది. భంగిమ ఎంత మంచిదన్నది కాదు, ఎంతసేపటికి మారుతున్నదన్నదే లెక్క.

అందుచేత అరగంటకొకసారి లేవాలి. కేరళ ప్రభుత్వం 2018లో, తమిళనాడు ప్రభుత్వం 2021లో దుకాణాలలో నిలబడి పనిచేసే వారికి కూర్చునే హక్కును చట్టంలో చేర్చాయి. కూర్చుని పనిచేసేవారికి లేచే హక్కు కూడా ఎవరైనా ఇస్తే బాగుండును. అది వచ్చే వరకు, సీసాలో కాక గ్లాసుతో నీరు తాగండి. నిండుకున్నప్పుడల్లా లేవక తప్పదు. ఫోను వస్తే నిలబడి మాట్లాడండి.

లేచినప్పుడు చేయవలసినవి నాలుగైదు ఉన్నాయి. నిలబడి, పాదాలు కొంచెం ఎడంగా ఉంచి, రెండు అరచేతులు నడుము మీద ఆనించి, మోకాళ్ళు వంచకుండా మెల్లగా వెనక్కి వంగాలి. అయిదారుసార్లు చాలు. దీని వెనుక ఒక కథ ఉన్నది. 1956లో న్యూజిలాండులో మెకంజీ అనే ఫిజియోథెరపిస్టు వద్ద చికిత్సకు వచ్చిన ఒక రోగి, తలవైపు పైకెత్తి ఉన్న బల్ల మీద పొరపాటున బోర్లా పడుకుని, నడుము వెనక్కి వంగిన స్థితిలో కొన్ని నిమిషాలు ఉండిపోయాడు. మెకంజీ కంగారుపడ్డాడు. రోగి మాత్రం, వారాలుగా వదలని కాలి నొప్పి పోయిందన్నాడు. ఆ అనుభవం నుండి మెకంజీ ఒక చికిత్సా పద్ధతినే రూపొందించాడు. మన భుజంగాసనానికి అది దగ్గరగానే ఉంటుంది. దీనిలో గుర్తుంచుకోవలసిన గురుతు ఒకటి: వ్యాయామం చేస్తున్నప్పుడు కాలిలోని నొప్పి పైకి, నడుము మధ్యకు చేరుకుంటే అది మంచి సూచన. నడుములోని నొప్పి కిందకు, పిక్కలోకి, పాదంలోకి దిగుతుంటే వెంటనే ఆపి ఫిజియోథెరపిస్టుకు చూపించాలి. కొందరికి వెనక్కి వంగడం పనికిరాదు, ముందుకు వంగడమే హితం. పుస్తకం చూసి గాని, ఫోనులో బొమ్మ చూసి గాని ఈ తేడా కనిపెట్టడం కష్టం. కాబట్టే ఒక్కసారైనా అర్హత గల ఫిజియోథెరపిస్టు చేత పరీక్ష చేయించుకోమని అంటున్నాను.

మెడకు: ఎదురుగా చూస్తూ, తల పైకెత్తకుండా, దించకుండా, గడ్డాన్ని సొరుగు మూసినట్లు తిన్నగా వెనక్కి లాగి అయిదు లెక్కపెట్టి వదలాలి. ఇలా పదిసార్లు. అద్దంలో చూసుకుంటే కొంచెం నవ్వు వస్తుంది, ఫరవాలేదు. భుజాలకు: వెనుక రెండు రెక్కల ఎముకలను ఒకదాని దగ్గరకొకటి తెచ్చి, పట్టి, వదలాలి. రాత్రి పడుకునే ముందు వెల్లకిలా పడుకుని మోకాళ్ళు మడిచి, పిరుదులను పైకెత్తి కొద్దిసేపు నిలిపి దించాలి. మణికట్టుకు: చేయి చాచి, రెండవ చేత్తో వేళ్ళను మెల్లగా వెనక్కి లాగాలి. రోజుకు మొత్తం పది నిమిషాలు. జీడిపప్పు పని చేసే స్త్రీలకు కూడా ఇవే, పని మధ్యలో, నిలబడి చేయదగినవి చేయించాలి. ఈ పత్రిక చదివే కుటుంబాలలో అటువంటి పని చేయించే యజమానులూ ఉన్నారు; పూటకు రెండుసార్లు అయిదు నిమిషాలు లేవనిస్తే పప్పు ఉత్పత్తి తగ్గిపోదు.

వీటన్నిటికంటె సులువైనది, అందరూ తక్కువగా చూసేది నడక. నడుము నొప్పి ఒకసారి తగ్గి మళ్ళీ తిరగబెట్టకుండా ఉండేందుకు నడక ఎంతవరకు పనికివస్తుందని ఆస్ట్రేలియాలో 701 మంది మీద పరిశోధించారు. 2024లో లాన్సెట్ పత్రికలో దాని ఫలితం వచ్చింది. ఫిజియోథెరపిస్టు సలహాతో క్రమంగా నడక పెంచుకున్నవారికి నొప్పి తిరిగి రావడానికి మధ్యస్థంగా 208 రోజులు పట్టింది. నడవనివారికి 112 రోజులకే వచ్చింది. ఖర్చు లేని మందుకు ఇంతకంటె ఏమి కావాలి? ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2023 డిసెంబరులో దీర్ఘకాలిక నడుము నొప్పికి విడుదల చేసిన మార్గదర్శకాలలో వ్యాయామాన్ని చేర్చింది. నడుము పట్టగానే వారం రోజులు మంచమెక్కమని పెద్దలు చెప్పేవారు. ఆ సలహా ఈనాడు నిలవదు. ఒకటి రెండు రోజులు ఒళ్ళు తేలికగా ఉంచుకున్న తరువాత ఓపిక మేరకు తిరగడమే మేలు. వాగ్భటుడు వ్యాయామాన్ని శక్తిలో సగం మేరకు చేయమన్నాడు. నొప్పి ఉన్నవారికి అంతకంటె మంచి కొలత నాకు తెలియదు.

తైలం సంగతి

మహానారాయణ తైలం గాని, అది లేకుంటే ఇంట్లోని నువ్వుల నూనె గాని గోరువెచ్చగా చేసి, మెడకు, భుజాలకు, నడుముకు పావుగంట మర్దన చేయాలి. ఆ తరువాత కాపడం. మా నౌపడ రాళ్ళ ఉప్పు దీనికి శ్రేష్ఠమని మా ఊరివారి అభిమానం. వేడిని చాలాసేపు పట్టి ఉంచుతుందన్న మాట నిజమే. రెండు గుప్పిళ్ళ ఉప్పును మూకుడులో పొడిగా వేయించి, పాత నూలుగుడ్డలో మూటకట్టి, ముందు తమ చేతి వెనుక భాగానికి తాకించి చూసుకుని, తరువాత నొప్పి ఉన్నచోట ఒత్తాలి. వావిలి ఆకు దొరికితే దానిని వెచ్చచేసి ఉప్పుమూట కింద పరచవచ్చు. చక్కెర వ్యాధి వల్ల స్పర్శ తగ్గినవారికి మాత్రం ఇటువంటి కాపడం పెట్టరాదు, కాలినా వారికి తెలియదు.

కాపడం ముగిసిన వెంటనే దుప్పటి కప్పుకుని పడుకోవడం మనవారి అలవాటు. దానితో సగం ఫలితం పోతుంది. కండరాలు మెత్తబడిన ఆ అరగంటే వ్యాయామానికి అనువైనది. మర్దన చేయించుకుని మర్నాడు మళ్ళీ అదే కుర్చీలో అదే తీరున కూర్చునేవారు ఏళ్ళ తరబడి తైలం కొంటూనే ఉంటారు. మా వృత్తివారికి అది లాభమే.

ఇక మింగే ఆయుర్వేద మందులు. మూలికలు కాబట్టి హాని లేదనే నమ్మకాన్ని ఈ తీరంలో ఇక విడిచిపెట్టాలి. ఇంటర్నెట్టు ద్వారా అమ్మే ఆయుర్వేద మందులను పరీక్షించి 2008లో అమెరికాలో ప్రచురించిన ఒక పరిశోధనలో సుమారు అయిదింట ఒక వంతు మందులలో సీసం, పాదరసం, ఆర్సెనిక్‌లలో ఏదో ఒకటి కనిపించింది. వాతానికి వాడే మహాయోగరాజ గుగ్గులు వంటి వాటిలో భస్మాలు శాస్త్రోక్తంగానే ఉంటాయి. అవి మూత్రపిండాల సంగతి తెలుసుకోకుండా ఇవ్వదగినవి కావు. ఈశ్వరి వేరు, గాడిదగడపాకు జాతి మొక్కలలోని ఆమ్లం మూత్రపిండాలను శాశ్వతంగా పాడుచేయగలదని తేలింది. సంతలో పేరు లేని పొట్లాలలో అమ్మే నొప్పి చూర్ణాలలో ఇంగ్లీషు నొప్పి మందులో, స్టెరాయిడ్లో కలిపి ఉన్న సందర్భాలు పరీక్షలలో బయటపడ్డాయి. ఒక్క పొట్లంతో నొప్పి మాయమైతే సంతోషించకుండా అనుమానించాలి.

అసలు మందే వద్దని నా వాదన కాదు. నొప్పి భరించరానిదైతే వైద్యుని సలహాతో, చెప్పిన మోతాదులో పారాసిటమాల్ వాడుకోవచ్చు. మూత్రపిండాల విషయంలో అది పైన చెప్పిన బిళ్ళలకంటె సురక్షితం. కాని మార్కెట్లో పారాసిటమాల్‌తో ఎసిక్లోఫెనాక్ కలిపిన బిళ్ళలు విరివిగా ఉన్నాయి. పేరు ఒకటే చూసి తీసుకోకుండా, రేకు వెనుక చిన్న అక్షరాలలో ఏమేమి ఉన్నాయో చదవాలి. కత్తిరించి ఇచ్చిన ముక్క మీద ఆ అక్షరాలు ఉండకపోతే పూర్తి రేకు చూపించమని అడగండి.

కొన్ని నొప్పులకు వ్యాయామమూ, తైలమూ రెండూ పనికిరావు. మూత్రం, మలం అదుపు తప్పినా, తొడల మధ్య తిమ్మిరి ఎక్కినా, కాలు ఈడ్చుకుపోతున్నా అదే రోజు పెద్ద ఆసుపత్రికి చేరాలి. జ్వరంతో కూడిన నడుము నొప్పి, కారణం లేకుండా బరువు తగ్గడం, పడుకున్నా తగ్గక రాత్రిపూట నిద్రలేపే నొప్పి, కిందపడిన తరువాత మొదలైన నొప్పి, వీటిలో ఏది ఉన్నా ముందు వైద్య పరీక్ష జరగాలి. ఎడమ చేతికి పాకే భుజం నొప్పితో చెమటలు పడితే అది మెడ నొప్పి అనుకుని కాపడం పెడుతూ కూర్చోకూడదు.

చివరగా పరీక్షల సంగతి. ఉద్దానంలోను, దాని చుట్టుపక్కల మండలాలలోను నివసించే పెద్దవారు, నొప్పి ఉన్నా లేకున్నా, సంవత్సరానికొకసారి క్రియాటినిన్, మూత్ర పరీక్షలు చేయించుకుని ఆ కాగితాలను ఒక కవరులో వేసి భద్రపరచాలి. ఒక్క ఏడాది అంకెకంటె, అది ఏటేటా ఎటు పోతున్నదన్నది వైద్యునికి ఎక్కువ చెబుతుంది. నడుము నొప్పికి ఎవరి దగ్గరకు వెళ్ళినా, నా వంటి వైద్యుని దగ్గరకు వెళ్ళినా సరే, ముందు ఆ కవరు బల్ల మీద పెట్టి, ఆ తరువాతనే నొప్పి గురించి చెప్పండి.